పాపికొండల్లో హైమన్‌డార్ఫ్

నాసిక్ సమీపంలోని త్ర్యంబకం కొండలలో పుట్టి, 1,465 కిలోమీటర్ల దూరం ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే గోదావరి, తన సుదీర్ఘ ప్రయాణంలో చూపే అందాలు అనేకం. వాటిలో తలమానికమైనది పాపికొండల కనుమ. భద్రాచలం దాటిన నది కూనవరం వద్ద శబరిని తనలో కలుపుకొని, విశాలమైన దేహాన్ని ఒక్కసారిగా ముడుచుకొని, తూర్పు కనుమలను చీల్చుకొంటూ ముందుకు సాగుతుంది. ఇరువైపులా ఆకాశాన్నంటే కొండలు, వాటి నిండా వెదురు పొదలు, నడుమ నిశ్చలంగా కనిపించే లోతైన నీరు చూపరులను ముగ్ధులను చేస్తాయి. స్త్రీ తలలోని పాపిడి వలె నది కొండలను రెండుగా విడదీసినందువల్ల వీటికి పాపిడికొండలనే పేరు వచ్చిందనీ, అదే కాలక్రమంలో పాపికొండలుగా మారిందనీ ఈ ప్రాంతవాసులు చెబుతారు. అడవిదున్నలు సంచరించే తావు కావడం వల్ల ఆంగ్లేయులు వీటిని బైసన్ హిల్స్ అని పిలిచారు.

ఈ కనుమను గురించి గ్రంథస్థం చేసిన తొలి పాశ్చాత్యులలో ఇంజనీర్లు, పాలనాధికారులు ముఖ్యులు. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని మధ్య భారతానికి జలమార్గంగా మలచాలని కలలుగన్నాడు. ఆ కలను సాకారం చేయడానికి ఇంజనీర్లు నది ఎగువ భాగాన్ని పరిశీలించారు. రాళ్లు ఎక్కడ పడవకు అడ్డు తగులుతాయో, వేసవిలో నీరు ఎంత లోతున ఉంటుందో లెక్కించి నివేదికలు సమర్పించారు. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకులు వెలిశాయి. ఆశించిన ఫలితం దక్కనందున 1871లో ఆ పథకాన్ని విరమించారు. 1907లో వెలువడిన గోదావరి జిల్లా గెజిటీరు ఈ కనుమ శోభను ప్రత్యేకంగా వర్ణించింది. ఈ రచనలన్నింటికీ తమవైన విలువలు ఉన్నాయి. అయితే ఇంజనీరు దృష్టికి గోదావరి ఒక మార్గం. అధికారి దృష్టికి ఒక సుందర దృశ్యం, ఒక పరిపాలనా విభాగం. ఆ కొండల మీద గుడిసెలు వేసుకొని, ఆ అడవినే తల్లిగా నమ్ముకొని బ్రతికే మనుషులు మాత్రం ఆ పుటలలో ఒక మూలకే పరిమితమయ్యారు.

ఆ లోటును తీర్చినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పాపికొండలలోని కొండరెడ్ల జీవితాన్ని దగ్గరగా చూసి, సమగ్రమైన గ్రంథంగా లోకానికి అందించిన మానవశాస్త్రవేత్త ఆయన.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరంలో ఒక ఉన్నత కుటుంబంలో జన్మించారు. దక్షిణ భారతదేశపు కులాలను, తెగలను వివరిస్తూ ఎడ్గార్ థర్‌స్టన్ రచించిన ఏడు సంపుటాలు వెలువడినది కూడా ఆ సంవత్సరమే. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించిన హైమన్‌డార్ఫ్ 1931లో డాక్టరేట్ పట్టా పొందారు. అనంతరం లండన్ వెళ్లి, సుప్రసిద్ధ మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ సాన్నిధ్యంలో అధ్యయనం కొనసాగించారు. ఒక జాతిని గురించి రాయదలచినవాడు ఆ జాతి నడుమ నివసించాలి, వారి భాష నేర్వాలి, వారి కష్టసుఖాలను కళ్లారా చూడాలి అన్నది మాలినోవ్‌స్కీ సంప్రదాయం. హైమన్‌డార్ఫ్ జీవితాంతం పాటించిన నియమం అదే.

1936లో ఆయన తొలిసారి భారతదేశానికి వచ్చి, ఈశాన్య సరిహద్దులలోని కొన్యక్ నాగాల మధ్య పరిశోధన సాగించారు. 1938లో బెట్టీ బర్నార్డో అనే ఆంగ్ల యువతిని వివాహమాడారు. ఆమె ఆయనకు సహధర్మచారిణి మాత్రమే కాదు, పరిశోధనలో సహచారిణి కూడా. అడవులలో, కొండలలో, గుడారాలలో గడిచిన ఆయన జీవితంలో ఆమె పాలుపంచుకోని ఘట్టం అరుదు.

1939లో దంపతులు తిరిగి భారతదేశానికి వచ్చారు. అదే సంవత్సరం సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. అంతకు ముందు సంవత్సరమే ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలుపుకొన్నాడు. అందువల్ల హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. అటువంటివారిని ఆనాడు నిర్బంధ శిబిరాలకు తరలించేవారు. హైమన్‌డార్ఫ్ విషయంలో అధికారులు కొంత ఉదారంగా వ్యవహరించి, ఆయన హైదరాబాదు రాజ్యపు ఎల్లలు దాటరాదని ఆంక్ష విధించారు. మరొకరైతే ఆ నిర్బంధానికి కుమిలిపోయి, యుద్ధం ముగిసేదాకా రోజులు లెక్కపెట్టుకొనేవారేమో! హైమన్‌డార్ఫ్ మాత్రం ఆ ఎల్లల లోపల ఎవరున్నారని అన్వేషించారు. నిజాం ప్రభుత్వ అనుమతితో మొదట నల్లమల అడవులలోని చెంచుల వద్దకు, ఆ తరువాత గోదావరి తీరంలోని కొండరెడ్ల వద్దకు, అటుపైన ఆదిలాబాదు గోండుల వద్దకు ఆయన ప్రయాణం సాగింది. ఈ విధంగా ఒక నిర్బంధం తెలుగునేలకు వరంగా పరిణమించింది.

ఆనాటి పాపికొండల ప్రాంతానికి ఒక విచిత్రమైన స్థితి ఉండేది. 1860లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాం ప్రభువు బ్రిటిషువారికి అప్పగించినప్పటి నుండి గోదావరి రెండు ప్రభుత్వాల నడుమ సరిహద్దు అయింది. ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ఏజెన్సీ మద్రాసు రాష్ట్రానిది. కుడి ఒడ్డున ఉన్న పాల్వంచ తాలూకా అడవులు నిజాం రాజ్యంలోని వరంగల్లు జిల్లావి. నదికి ఇరువైపులా ఉన్నది ఒకే తెగ, ఒకే భాష, ఒకే దేవతలు. అయినా ఒక ఒడ్డున వర్తించే చట్టం మరొక ఒడ్డున వర్తించదు. రహదారులు శూన్యం. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన 1965 నాటికి గాని రాలేదు. అటువంటి రోజులలో కాలిబాటల వెంట నడిచి, నదిపై పడవలలో ప్రయాణించి, కొయిదా, కాకిస్‌నూరు వంటి మారుమూల పల్లెలున్న ఆ కొండసీమలో హైమన్‌డార్ఫ్ తన అధ్యయనాన్ని సాగించారు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. ఆ భాషతో పరిచయం సంపాదించుకొన్న తరువాతనే ఆయన వారి గుండెల్లోని మాటలను వినగలిగారు.

కొండరెడ్లు మైదానాలలోని రెడ్డి కులస్థులకు భిన్నమైన గిరిజనులు. కొండవాలున పొదలు, చెట్లు నరికి, ఎండిన తరువాత తగులబెట్టి, తొలకరి జల్లు పడగానే ఆ బూడిదలో గింజలు చల్లి పండించే పోడు వ్యవసాయం వారి జీవనాధారం. నాగలి అక్కరలేదు, ఎద్దులు అక్కరలేదు. మొనదేలిన కర్రతో నేలలో చిన్న గుంట చేసి విత్తనం వేస్తారు. జొన్న, సామ, చోడి, కంది వంటి పంటలు కలిసి పెరుగుతాయి. రెండు మూడేళ్లకు సారం తగ్గగానే ఆ వాలును అడవికే విడిచిపెట్టి మరొక చోటికి సాగుతారు. విడిచిన నేలపై తిరిగి చెట్లు మొలుస్తాయి. అడవిని నాశనం చేసే అనాగరిక పద్ధతిగా పలువురు అధికారులు నిరసించిన ఈ సేద్యంలో ఒక క్రమం ఉన్నదని హైమన్‌డార్ఫ్ గ్రహించారు. జనం తక్కువగా, అడవి విశాలంగా ఉన్నంతకాలం మనిషికీ అడవికీ నడుమ ఆ పొత్తు చెడలేదు.

వారి పల్లెలు చాలా చిన్నవి. కొన్ని చోట్ల నాలుగైదు గుడిసెలే ఒక ఊరు. ఊరి వ్యవహారాలకు పెద్దకాపు, దేవతల కొలుపులకు పూజారి పెద్దదిక్కు. భూదేవికి, కొండదేవతలకు మొక్కనిదే విత్తనం వేయరు. మామిడి పండుగ జరగనిదే కొత్త మామిడికాయను నోట పెట్టరు. పంట గింజలు నిండుకొన్న రోజులలో అడవి వారిని ఆదుకొంటుంది. జీలుగు చెట్టు కల్లునిస్తుంది. కరవు దాపురించినప్పుడు అదే చెట్టు మానులోని మెత్తని దవ్వ పిండిగా మారి ఆకలి తీరుస్తుంది. మామిడి టెంకలలోని జీడిని నానబెట్టి, చేదు తొలగించి అంబలి కాచుకొంటారు. అడవిదుంపలు తవ్వుకొంటారు. ఈ వివరాలన్నింటినీ హైమన్‌డార్ఫ్ వింతలుగా కాక, ఒక జాతి తరతరాలుగా కూడబెట్టుకొన్న విజ్ఞానంగా నమోదు చేశారు.

అయితే ఆయన చూసినది కొండలపై స్వేచ్ఛగా జీవించే రెడ్లను మాత్రమే కాదు. ఏటి ఒడ్డుకు దిగివచ్చిన రెడ్ల జీవితం అందుకు పూర్తిగా భిన్నంగా ఉండేది. పాపికొండల వెదురుకు, కలపకు దిగువన రాజమహేంద్రవరంలో మంచి గిరాకీ. వెదురు నరికించి, తెప్పలుగా కట్టించి గోదావరి మీదుగా తరలించే గుత్తేదారులకు కూలీలు కావాలి. అటవీశాఖ పోడుపై ఆంక్షలు పెంచుతున్న కొద్దీ రెడ్లకు కొండపై బ్రతుకు కష్టమైంది. వారు గత్యంతరం లేక ఏటి ఒడ్డున చేరి గొడ్డలి పట్టారు. తిండిగింజలు, బట్టలు అప్పుగా ఇచ్చి, ఆ అప్పును కూలితో చెల్లువేసుకొనే వ్యాపారుల చేతిలో వారు చిక్కారు. లెక్క రాసేది వ్యాపారి, చదివేది వ్యాపారి. అక్షరం తెలియని రెడ్డికి తన అప్పు ఎంతో, తాను తీర్చినది ఎంతో తెలియదు. తండ్రి చేసిన బాకీ కొడుకు మెడకు చుట్టుకొనేది. చుట్టూ అంతులేని అడవి ఉన్నా, ఆ అడవి బిడ్డ అడుగు తీసి అడుగు వేయలేని బందీ అయ్యాడు. రాజ్యపు ఎల్లలు దాటే వీలులేని హైమన్‌డార్ఫ్, సంకెళ్లు కనిపించని ఈ బందీల చరిత్రను అక్షరబద్ధం చేశారు.

ఈ పరిశోధన ఫలితంగా రూపొందిన బృహద్గ్రంథం రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్. అది 1945లో లండన్‌లో ప్రచురితమైంది. భిన్న సంస్కృతులు ఎదురైనప్పుడు బలహీనమైన సంస్కృతి ఏ విధంగా మార్పు చెందుతుందో తెలిపే అధ్యయనంగా ఆయన దానిని తీర్చిదిద్దారు. మార్పు అనివార్యమని ఆయనకు తెలుసు. అయితే ఆ మార్పు ఎవరి మేలు కోసం, ఎంత వేగంగా, ఎవరి షరతులపై జరుగుతున్నదన్నదే ఆయన లేవనెత్తిన ప్రశ్న. ఎడమ ఒడ్డున మద్రాసు ప్రభుత్వం గిరిజనుల భూములను, అప్పులపై వడ్డీని నియంత్రిస్తూ 1917లోనే ఒక చట్టం చేసింది. దాని అమలులో లోపాలు ఉన్నప్పటికీ, నిలబడడానికి అది ఒక ఆధారం. కుడి ఒడ్డున అటువంటి రక్షణ కరవైంది. ఒకే నది, ఒకే జాతి. కాని చట్టం ఒక ఒడ్డు వద్దనే ఆగిపోయింది.

విద్వాంసులు మెచ్చుకొనే గ్రంథం రాసి, తన పని పూర్తయిందని హైమన్‌డార్ఫ్ భావించలేదు. చెంచులు, రెడ్లు, గోండుల దుస్థితిని వివరిస్తూ, నివారణోపాయాలను సూచిస్తూ నిజాం ప్రభుత్వానికి నివేదికలు సమర్పించారు. అవి 1945లో గ్రంథరూపం ధరించాయి. అప్పటికి ప్రభుత్వం కూడా మేలుకొనవలసిన పరిస్థితి ఏర్పడింది. 1940లో ఆదిలాబాదు అడవులలో కొమురం భీం నాయకత్వాన గోండులు సాగించిన పోరాటం, భీం వీరమరణం ప్రభుత్వాన్ని కలవరపరచాయి. గిరిజనుల అసంతృప్తికి మూలాలు వెదికే బాధ్యత హైమన్‌డార్ఫ్‌పై పడింది. రెవెన్యూ వ్యవహారాలు చూసే విల్‌ఫ్రిడ్ గ్రిగ్‌సన్ ఆయనకు అండగా నిలిచారు. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఆరంభమైంది. గోండు పిల్లలకు గోండీ భాషలోనే తొలి పాఠాలు చెప్పే ఏర్పాటు జరిగింది. భూమిలేని గిరిజన కుటుంబాలకు పట్టాలు లభించాయి. 1946లో, తిరిగి 1949లో హైదరాబాదు రాజ్యంలో గిరిజన ప్రాంతాల రక్షణకు ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి. చట్టం రెండవ ఒడ్డుకు కూడా చేరింది.

1944, 1945 సంవత్సరాలలో హైమన్‌డార్ఫ్ ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి లోయకు ప్రత్యేకాధికారిగా వెళ్లి అపటానీ తెగను అధ్యయనం చేశారు. తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా వ్యవహరించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా బోధించారు. అనంతరం లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951లో ఆసియా మానవశాస్త్ర ఆచార్యపదవి అలంకరించి, 1976లో విరమణ పొందారు. నేపాల్ షెర్పాలపై ఆయన రచించిన గ్రంథం 1964లో వెలువడింది.

కీర్తి ప్రతిష్ఠలు ఎన్ని లభించినా ఆయన మనసు తెలుగునేలను మరువలేదు. పదవీ విరమణ తరువాత మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి, తాను యౌవనంలో తిరిగిన పల్లెలను వార్ధక్యంలో దర్శించారు. గిరిజనేతరులకు ఏజెన్సీ భూములు బదిలీ కాకుండా 1959లో చేసిన చట్టం, దానిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి సవరణ కాగితంపై బలంగా ఉన్నాయి. భూములు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. ఒకనాడు పట్టాలు పొందిన కుటుంబాల వారసులు అదే నేలపై కూలీలైన దృశ్యం ఆయనను కలచివేసింది. మనుగడ కోసం భారతదేశపు తెగలు చేస్తున్న పోరాటాన్ని వివరిస్తూ 1982లో ఆయన ప్రచురించిన గ్రంథం ఆ ఆవేదన నుండే పుట్టింది. తాను సాధించిన విజయాలను చెప్పుకోవడం కంటె, అవి చెదరిపోయిన తీరును దాచకుండా చెప్పడమే ఆయన నిజాయితీకి నిదర్శనం.

ఇటువంటి రక్షణ విధానాలపై విమర్శలు లేకపోలేదు. గిరిజనులను తక్కిన సమాజానికి దూరంగా ఉంచి, వారి వెనుకబాటును కాపాడటమే అవుతుందని కొందరు పండితులు ఆక్షేపించారు. హైమన్‌డార్ఫ్ బోధించినది ఏకాంతవాసం కాదు. భూమి చేతిలో ఉండి, అక్షరం నోటికి వచ్చి, లెక్క తానే చూసుకోగలిగిన గిరిజనుడు లోకంతో సమానస్థాయిలో కలవగలడని ఆయన నమ్మకం. అంతవరకు అతనికి రక్షణ అవసరమన్నదే ఆయన వాదం.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో, తాము ఎంతగానో ప్రేమించిన గోండుల నడుమ వెలిసింది. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో పరమపదించారు. ఆయన స్మృతిచిహ్నం కూడా మార్లవాయిలో భార్య సమాధి పక్కనే నెలకొన్నది. ఏటా అక్కడి గిరిజనులు ఆ దంపతులకు తమ సంప్రదాయం ప్రకారం నివాళులు అర్పిస్తారు.

పాపికొండల కథ అంతటితో ముగియలేదు. భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలియడంతో, ఎగువ కనుమకు ఇరువైపులా ఉన్న గిరిజన పల్లెలు ఒకే జిల్లా నీడకు చేరాయి. రాష్ట్ర విభజన అనంతరం 2014లో, పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతాలైన వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. హైమన్‌డార్ఫ్ అధ్యయనం చేసిన సీమలోని ఏటి ఒడ్డు పల్లెలు అనేకం ఆ ముంపు పరిధిలోనివే. వేలాది కుటుంబాలకు పునరావాస కాలనీలే కొత్త ఊళ్లయ్యాయి. ఒకనాడు పోడు కోసం కొండ మారిన కొండరెడ్లు నేడు ప్రాజెక్టు కోసం ఊరు మారుతున్నారు. మొదటి కదలిక వారి ఇష్టం, రెండవది వారి త్యాగం.

నీరు నిలిచిన చోట ఊరి ఆనవాళ్లు చెరిగిపోవచ్చు. ఏ చెట్టు కింద ఏ దేవత కొలువై ఉండేదో, ఏ వాలున ఎవరి తాత విత్తనం వేశాడో చెప్పగల వృద్ధులు ఒక్కొక్కరే రాలిపోవచ్చు. ఆ పల్లెల నాటి బ్రతుకును కళ్లకు కట్టే పుటలు మాత్రం మిగిలాయి. తమ ముత్తాతలు ఏమి తిన్నారో, ఏ పండుగ ఎలా చేసుకొన్నారో, ఎవరి చేతిలో ఎలా మోసపోయారో తెలుసుకోదలచిన కొండరెడ్ల బిడ్డకు, చదువు నేర్చిన నాడు ఆ పుటలు అందుబాటులో ఉంటాయి. పాపికొండల సౌందర్యాన్ని చూసి పరవశించినవారు ఎందరో ఉన్నారు. ఆ సౌందర్యం నడుమ ఆకలితో, అప్పుతో, ఆత్మగౌరవంతో జీవించిన మనిషిని చూసి, ఆ మనిషి పక్షాన నిలిచిన అన్వేషకుడు హైమన్‌డార్ఫ్. అందువల్లనే పరదేశంలో పుట్టిన ఆ పండితుని పేరు తెలుగునేల గిరిజన చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయింది.